చప్పుడు లేని పెట్టె

కంప్యూటర్లు బాగుచేసే ఆ కొట్టులో అతన్ని అందరూ చెవులు అనేవారు. పెట్టె మూత తీయకుండానే, పక్కన చెవి ఆనించి, లోపల ఏ ఫ్యాను అరిగిందో ఏ స్క్రూ వదులైందో చెప్పేసేవాడు. కొట్టు బావమరిదితో కలిసి నడిపేవాడు. బేరాలు, కబుర్లు, మొహమాటాలు బావమరిది వంతు. వినడం, విప్పడం, బిగించడం బావ వంతు. ఆ పేరు కొట్టులోంచి ఇంటికీ చేరింది. భార్య దానికి కాస్త గౌరవం తగిలించి "చెవులుగారూ" అని పిలిచేది. "చెవులుగారూ, వంటింట్లో కుళాయి పొద్దుటి నుంచీ కారుతోంది. అది మాత్రం మీ చెవిన పడదు కదా" అనేది.

అనేది అని ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, ఆ గొంతు ఇప్పుడు లేదు. మనిషి ఉంది, నిక్షేపంగా ఉంది. గొంతే లేదు.

ఆమె బస్ స్టేషన్లో మైకు ముందు కూర్చుని ఏ బండి ఎక్కణ్ణుంచి బయల్దేరుతుందో చెప్పే ఉద్యోగం చేసేది. కూరగాయల దుకాణంలో రెండు మాటలు మాట్లాడితే చాలు, పక్కనున్నవాళ్ళు తల తిప్పి "ఆ బస్సులావిడ మీరేనాండీ" అని అడిగేవారు. మరీ తీపి గొంతేం కాదు. రొప్పుకుంటూ పరిగెత్తుకొచ్చేవాడికి, ఇంకా బండి కదల్లేదులే అని ధైర్యం చెప్పే గొంతు. దాంట్లో ఒకరోజు చిన్న జీర మొదలైంది. జలుబు అనుకున్నారు. దుమ్ము అనుకున్నారు. చివరికి పెద్దాసుపత్రి డాక్టరు అసలు సంగతి చెప్పాడు. లోపల రాచపుండు పాకుతోంది, మాట పుట్టే చోటు మొత్తం తీసేయాలి, ప్రాణానికి భయం లేదు, మాట మాత్రం ఉండదు.

ఇద్దరూ ఇంటికొచ్చారు. తలుపు తాళం తీస్తూ ఆమే అంది, "మీకింక పండగే. తిట్టేవాళ్ళుండరు."

అతను నవ్వబోయాడు, చేతకాలేదు. చెప్పులు కూడా విడవకుండా గోడకి ఆనుకుని ఏడ్చేశాడు. ఓదార్చాల్సిన మనిషి ఏడుస్తుంటే ఆమెకి ఒళ్ళు మండింది, జాలీ వేసింది. చెంగు చేతికిచ్చి మొహం తుడుచుకోమంది.

ఆపరేషన్‌కి రోజు ఖాయం చేశాక, ఆసుపత్రిలోనే పనిచేసే ఒకావిడ దగ్గరికి పంపారు. మాట పోయినవాళ్ళకి మాట్లాడే దారులు చూపించడం ఆవిడ పని. వీళ్ళింట్లో ఆవిణ్ణి గొంతు మేడం అనేవారు. గొంతు మేడం ఒక ప్రోగ్రాము ఇచ్చింది. అది తెర మీద వాక్యాలు చూపిస్తుంది, అవన్నీ చదవాలి. ఒకే గది, ఒకే మైకు. చదివినదాంట్లోంచి అది ఆ మనిషి గొంతు తయారుచేసి పెట్టుకుంటుంది. ఆపరేషన్ అయ్యాక ఏ మాట టైపు చేసినా అదే గొంతుతో పలుకుతుంది. ఫోనులో ఉన్న వీడియో తునకలు పనికిరావా అని అతను అడిగాడు. చాలవంది ఆవిడ. పైగా ఇంట్లో వీడియోలు తీసేది ఎప్పుడూ ఆమే కావడంతో, వాటినిండా కూతురి గెంతులే గానీ ఆమె మాట అంతంతమాత్రం.

"రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి" అంది గొంతు మేడం. "గది నిశ్శబ్దంగా ఉండాలి, ఎంత నిశ్శబ్దంగా ఉంటే అంత మంచిది. ఇంకోటి, ఈ గొంతు రోజుకో రకంగా మారిపోతుంది. కాబట్టి వెంటనే మొదలుపెట్టెయ్యండి."

ఈ రెండిట్లో అతను మొదటిదే విన్నాడు. రెండోది వినలేదని కాదు. కానీ మనిషికి తన చేతనయ్యే పని ఏదో అదే ముందు మనసుకి ఎక్కుతుంది. పాకే పుండుని ఆపడం అతని వల్ల కాదు. చప్పుడు ఆపడం అతని వృత్తి.

బయటికొస్తూ ఆమె తన కోరిక చెప్పింది. "మిగతావన్నీ ఎలా పలికినా నాకు పర్లేదు. పిచ్చుకని పిలిస్తే మాత్రం నేను పిలిచినట్టే ఉండాలండీ. అదొక్కటి చాలు."

పిచ్చుక అంటే వాళ్ళ కూతురు. ఇంకా బడికి వెళ్ళే వయసు రాలేదు. ఒకచోట నిలవదు, పిడికెడు తింటుంది, రోజంతా కిచకిచ. తల్లి ఆ పేరుని పిలిచే తీరు ఒకటుంది. మొదట మామూలుగా మొదలెట్టి, చివర కాస్త పైకెత్తి వదిలేది. ఏ గదిలో ఉన్నా, ఏ మంచం కింద ఉన్నా, ఆ పిలుపుకి పిల్ల దూసుకొచ్చి ఒళ్ళో పడేది.

ఆ సాయంత్రమే పడకగదిలో మైకు పెట్టారు. కిటికీకి దుప్పటి కట్టారు. బల్ల మీద చెప్పుల డబ్బా అంత కంప్యూటరు ఉంది. అతనే కూర్చిన పెట్టె. మంచం పక్కన ఇమిడిపోవాలని, ఆసుపత్రికి సంచిలో పెట్టుకెళ్ళగలగాలని అంత చిన్నది ఎంచుకున్నాడు. ఆమె చదవడం మొదలుపెట్టింది.

"తలుపు దగ్గరగా వెయ్యి. నిన్న కొన్న గొడుగు ఎక్కడ పెట్టావు?" అని చదివి, "ఎక్కడ పెడతారు, బస్సులో వదిలేసి ఉంటారు. రోజూ చూస్తున్నాగా" అని తనే జవాబు చెప్పింది. బల్ల కిందికి దూరిన పిచ్చుక కిసుక్కున నవ్వింది. ఆమె చదువుతూనే కాలితో దాన్ని గిలిగింతలు పెట్టింది. ఒక వాక్యం మరీ చప్పగా ఉందని దాన్ని బస్సు ప్రకటనలాగా సాగదీసి చదివింది. ప్రోగ్రాములో సొంత మాటలకి కొంత చోటు ఉంటే అక్కడ పిచ్చుకని పిలిచింది, రకరకాలుగా. అన్నానికి పిలిచింది, స్నానానికి పిలిచింది, కోపంగా పిలిచింది, ముద్దుగా పిలిచింది. ఆ పూట గొంతులో జీర దాదాపు లేదు. మొత్తంలో సగం పైనే అయిపోయింది.

తర్వాత అతను హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. మొహం చిట్లించాడు. ఆమె మాట వెనకాల సన్నగా జుయ్యిమంటూ ఒక చప్పుడు, చెవిలో జోరీగ లాగా. వాక్యం వాక్యానికీ ప్రోగ్రాము లెక్కలు కట్టుకుంటోంది, ప్రాసెసరు వేడెక్కుతోంది, దాన్ని చల్లార్చడానికి పైనున్న బుల్లి ఫ్యాను గింగిరాలు తిరుగుతోంది.

"బాగా వచ్చిందా?" అని అడిగింది ఆమె.

"ఫ్యాను వినిపిస్తోంది."

"నేను వినిపిస్తున్నానా?"

"వినిపిస్తున్నావులే. కానీ ఇది పనికిరాదు. రెండ్రోజులాగు, పెట్టెని సరిచేస్తాను, మళ్ళీ మొదట్నుంచీ చదువుదువు గాని."

చదివినదంతా చెరిపేశాడు. కొట్టులో అతని పద్ధతే అది. చెడిన పనిని పక్కన ఉంచుకోడు. ఉంటే ఎప్పుడో మంచిదాంట్లో కలిసిపోతుందని భయం. అతను కోపంతోనో చిరాకుతోనో చెరపలేదు. శుభ్రంగా మొదలుపెడదామనే ఉద్దేశంతో, ప్రేమతోనే చెరిపాడు.

చల్లార్చే సరంజామా ఎంచుకోవడం తెలియనివాళ్ళకి చిటికెలో పనిలాగా కనిపిస్తుంది. ప్రాసెసరు మీద రేకుల దిమ్మె ఒకటి కూర్చుంటుంది, దాని మీద ఫ్యాను. వేడి రేకుల్లోకి ఎక్కుతుంది, ఫ్యాను ఆ వేడిని ఊదేస్తుంది, అంతే. కానీ చిన్న ఫ్యాను గాలి సరిపోవాలంటే పిచ్చెత్తినట్టు తిరగాలి, తిరిగితే కూస్తుంది. పెద్దదైతే తీరిగ్గా తిరుగుతుంది, చప్పుడు చెయ్యదు. అయితే దానికి చోటు కావాలి. చెప్పుల డబ్బాలో చోటెక్కడిది?

"పెద్ద పెట్టెలో పెట్టెయ్ బావా" అన్నాడు బావమరిది. "లేదా దీన్నే పక్కగదిలో పెట్టి పొడుగు వైరు లాగు. ముందు అక్క చేత చదివించెయ్. తర్వాత తీరిగ్గా తంటాలు పడుదువు గాని."

"రేపు ఇది మీ అక్క మంచం పక్కనే ఉండాలిరా. తను మాట్లాడిన ప్రతిసారీ కింద ఈ జోరీగ మోగుతుంటే ఎలా? బతికినన్నాళ్ళూ వినాల్సిన గొంతు."

బావమరిదికి ఆ మాటకి ఎదురు చెప్పబుద్ధి కాలేదు. చెప్పి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

మొదట ఉన్న ఫ్యానునే నెమ్మదిగా తిప్పి చూశాడు. చప్పుడు తగ్గింది, వేడి పెరిగింది, కాసేపటికి పెట్టె దానంతటదే ఆరిపోయింది. తర్వాత అసలు ఫ్యానే లేని మందపాటి దిమ్మె తెచ్చి బిగించాడు. నిశ్శబ్దమే గానీ మూత మీద చెయ్యి ఆనించలేనంత సెగ, పైగా ప్రాసెసరు ఈసురోమంటూ పనిచేసింది. మూడోసారి వెడల్పాటి ఫ్యాను ఉన్నది తెప్పించాడు. అన్నీ కొలుచుకునే తెప్పించాడు. తీరా చూస్తే మూత పడలేదు. దిమ్మె ఎత్తు లెక్కేశాడు గానీ దాని మీద ఫ్యాను కూర్చుంటుందన్న సంగతి లెక్కలో మర్చిపోయాడు. పక్క కొట్లవాళ్ళు కూడా వచ్చి కొలతలు అడిగి వెళ్ళే మనిషి, పని నేర్చుకునేవాడు కూడా చెయ్యని పొరపాటు చేశాడు. ఎవరితోనూ అనలేదు. దాన్ని వెనక్కి పంపి ఇంకొకటి తెప్పించాడు. ప్రతి మార్పుకీ తన పద్ధతి ప్రకారం డిస్కు తుడిచి అన్నీ కొత్తగా ఎక్కించి పరీక్షించాడు.

రోజూ ఆమె అడిగేది, "ఇవాళ చదవనా?"

"ఒక్క రెండ్రోజులు."

మొదట్లో పొద్దున పూట గొంతు బాగుండి, సాయంత్రానికి జీర పట్టేది. తర్వాత పొద్దున కూడా పట్టింది. ఉద్యోగానికి సెలవు పెట్టేసింది. దగ్గు ఎక్కువైంది, ఒక్కోసారి రుమాలు ఎర్రగా అయ్యేది. పిచ్చుకని పిలవాలంటే గిన్నె మీద గరిటెతో కొట్టేది.

ఇక్కడ అతన్ని తిట్టాలనిపిస్తుంది. గోడ అవతల గడియారం ముల్లు కూడా వినే మనిషికి, పక్కనున్న పెళ్ళాం గొంతు పోతుంటే తెలియలేదా అని. తెలిసింది. తెలిసినకొద్దీ ఇంకా గట్టిగా పెట్టెని పట్టుకున్నాడు. అది ఒక్కటి సరిగ్గా చేస్తే మిగతా అంతా సరైపోతుందన్న మొండి నమ్మకం ఏదో అతనిలో పాతుకుపోయింది. భయం పట్టిన మనుషులు ఇలాగే ఉంటారు. వాళ్ళకి ఎదురుగా ఉన్నది చెప్పడం ఎవరి తరమూ కాదు.

చివరికి సాధించాడు. పొట్టి దిమ్మె, దాంట్లోంచి రాగి గొట్టాలు, పైన పల్చటి వెడల్పు ఫ్యాను. సరిగ్గా ఫ్యాను మీదికి వచ్చేలా మూతకి తనే డ్రిల్లుతో చిల్లులు పెట్టాడు. స్క్రూల కింద రబ్బరు బిళ్ళలు వేశాడు. ప్రాసెసరుని కాస్త నిదానంగా పనిచేసేలా సర్దాడు. ఆన్ చేస్తే దీపం చూసి తెలుసుకోవాలే తప్ప చెవికి ఏమీ అందలేదు. కొట్టులో ఒక్కడే ఉన్నాడు, అయినా చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టుకున్నాడు.

ఆమె మైకు ముందు కూర్చుంది. తలుపు దగ్గరగా వెయ్యి అని చదవడానికి రెండుసార్లు ఆగింది. గొడుగు దగ్గర దగ్గు వచ్చింది. ఈసారి వాక్యాలకి జవాబులు చెప్పలేదు, ఉన్న శ్వాసంతా చదవడానికే చాలీచాలకుండా ఉంది. నీళ్ళు తాగుతూ, పడుకుని లేస్తూ, ఎలాగో పూర్తిచేసింది. పిచ్చుక పేరు దగ్గరికొచ్చేసరికి చివర పైకెత్తబోయింది, అక్కడ గొంతు చీలిపోయింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అదే. వెనకాల ఏ చప్పుడూ లేకపోవడంతో ఆ చీలిక స్పష్టంగా రికార్డయింది.

రికార్డు తీసుకుని ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. గొంతు మేడం ఒంటరిగా విన్నాక, అతన్ని ఒక్కణ్ణే లోపలికి పిలిచింది.

"రికార్డింగు చాలా శుభ్రంగా ఉందండీ. కానీ గొంతు బాగా దెబ్బతింది. అంతకు ముందు చదివినవి ఏమైనా ఉన్నాయా?"

"మొదటి రోజు చదివింది. ఫ్యాను చప్పుడు పడింది. చెరిపేశాను."

ఆవిడ ఒక్క క్షణం అతని వంక చూసి, తల దించుకుంది. "ఫ్యాను చప్పుడు ఒకే తీరుగా ఉంటుంది కదండీ, దాన్ని తీసేస్తాం. మాకది రోజూ ఉండే పనే. గొంతులో పుట్టిన జీరని మాత్రం తియ్యలేం." అని, "నేనింకా విడమరిచి చెప్పాల్సింది" అంది.

అతను లేచి వచ్చేశాడు. బయట బెంచీ మీద ఆమె కూర్చుని ఉంది. పక్కన కూలబడి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. దాచే ఓపిక కూడా లేదు. ఆమె గుసగుసలాంటి గొంతుతో, మాట మాటకీ ఆగుతూ అంది.

"గొంతు పోతోందని నాకు రోజూ తెలుస్తూనే ఉంది. చెబుదామనే అనుకున్నా. ఆ పెట్టె పనిలో ఉన్నప్పుడే మీరు రెండు ముద్దలు తింటున్నారు. ఆపబుద్ధి కాలేదు."

"ఒక్క తిట్టు తిట్టాల్సింది."

"ఇన్నాళ్ళూ తిడితే విన్నారా?" అంది. నవ్వబోయి దగ్గింది. అతను ఆమె చెయ్యి పట్టుకుని, వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నా లెక్కచెయ్యకుండా ఏడ్చాడు. ఈసారి ఆమె కూడా ఏడ్చింది.

మర్నాడు కొట్టు తెరవగానే బావమరిది పెట్టెలోంచి డిస్కు తీసి, చెరిగిపోయినవి వెతికే పనిముట్లన్నీ దాని మీద ప్రయోగించాడు. ఎంతోమంది పెళ్ళి ఫొటోలు అలా వెనక్కి తెచ్చిచ్చారు వాళ్ళిద్దరూ. ఆ రోజు ఫైళ్ళ పేర్లు వరసగా వచ్చాయి. తెరిస్తే లోపల ఏమీ లేదు. కొత్త ఫ్యాను బిగించినప్పుడల్లా డిస్కు తుడిచి పైన కొత్తవి ఎక్కించింది బావే కదా. బావమరిది ఒక్కో పేరూ తెరిచి చూసి, ఇంక చాలన్నట్టు కుర్చీ వెనక్కి జరిపాడు. "నేనైనా గట్టిగా చెప్పాల్సింది బావా" అన్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. పుండు మొత్తం తీసేశామన్నారు, ఇంక భయం లేదన్నారు. మెడ దగ్గర చిన్న గుడ్డ కట్టుకుని ఆమె ఇంటికొచ్చింది. కాస్త కోలుకున్నాక అతను పెట్టె తెచ్చి మంచం పక్కన పెట్టాడు. ఆమె కీబోర్డు ఒళ్ళో పెట్టుకుంది. బావమరిది పిచ్చుకని ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె టైపు చేసింది మొదట కూతురి పేరే. పెట్టె బొంగురుగా, చివర చీలిపోతూ, ఆ పేరు పిలిచింది.

పిల్ల మేనమామ మెడ కరుచుకుపోయింది. అది అమ్మ దగ్గుతూ, రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్న రోజుల గొంతు. పిల్లకి ఆ రోజులే గుర్తొచ్చాయి. "వద్దు, ఆపెయ్" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. బుజ్జగించినకొద్దీ ఇంకా ముడుచుకుంది.

పిల్లని అవతలికి తీసుకెళ్ళాక ఆమె కీబోర్డు మీద చాలాసేపు ఏదో వెతికింది. అతనికి చూపించడం కోసం, పలికించకుండా, తెర మీద రాసింది. "దీంట్లో ముందే పెట్టిన ఆడగొంతు ఉంటుంది కదా. అది పెట్టండి."

"నీ గొంతు వద్దా?"

"పిచ్చుక రోజూ ఇదే వింటూ ఉంటే, నా గొంతంటే దానికి ఇదే మిగులుతుంది. వేరే ఎవరిదో అయితే, నాది ఎలా ఉండేదో అదే గుర్తుంచుకుంటుందేమో. ఎన్నాళ్ళుంచుకుంటే అన్నాళ్ళు."

అతను మార్చాడు. నిమిషం పట్టలేదు. ఎవరో తెలియని ఆడమనిషి గొంతు, చక్కటి ఉచ్చారణ, ఎక్కడా తొట్రుపాటు లేదు. పెట్టెలోంచి ఇంకే చప్పుడూ రాలేదు.

పిల్లలు దేనికైనా ఇట్టే అలవాటు పడతారు. పిచ్చుక కూడా పడింది. ఇప్పుడు ఆ గొంతంటే దానికి భయం లేదు. కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం అతను భోజనానికి ఇంటికొచ్చేసరికి, ఆమె మంచం మీద కూర్చుని కూతుర్ని అన్నానికి పిలుస్తోంది. పెట్టె స్పష్టంగా పిలిచింది. పిల్ల పక్కగదిలో బొమ్మలతో ఆడుకుంటోంది. ఒకప్పుడైతే అన్నీ విసిరేసి దూసుకొచ్చేది. ఇప్పుడు బొమ్మల్ని ఒక్కొక్కటే పక్కన పెట్టి, నిదానంగా లేచి, గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగింది. ఎదురింటావిడ పిలిస్తే చేతులు కట్టుకుని ఎలా నిలబడుతుందో అలాగే నిలబడి, "వస్తున్నానండీ" అంది.

ఆమె వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. అతను కాళ్ళు కడుక్కోకుండానే వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు. పిల్ల ఇంకా గుమ్మంలోనే ఉంది, లోపలికి రమ్మని ఎవరైనా చెబుతారేమోనని చూస్తోంది.